మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక సద్దు

పెళ్ళై వచ్చిన మరునాడు మా అత్త నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "నీ సద్దు ఏదమ్మా?" అని. అప్పుడామె నేల మీద పడి ఉంది. పడేసింది నేనే.

మాది కామసముద్రం దగ్గర ఒక పల్లె. రాగి చేలు, మామిడి తోపులు, గొర్రెల మందలు తప్ప నేను చూసింది లేదు. బంగారు గనులున్న ఊరిగాంలో గని కార్మికుల లైనులోకి కోడలిగా వచ్చాను. లైను అంటే ఒకే గోడను పంచుకునే చిన్న ఇళ్ళ వరస. గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళైనా ఇళ్ళు మాత్రం తెల్లదొరలు కట్టించినవే. ముందు ఒక గది, వెనక పొయ్యి పెట్టుకునే చోటు, పైన రేకు. మా మామ గని లోపల పనిచేసి, రాతి దుమ్ము పీల్చి పట్టిన రొమ్ము జబ్బుతో నేను రాకముందే పోయాడు. ఇంట్లో అత్త, ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆ కొడుకే నా భర్త. ఆయన పని భూమి లోపల కాదు, పైన కట్టెల యార్డులో.

ఆ పొద్దున నేను అంట్లు తోముతూ ఇత్తడి తట్టను బండ మీద జారవిడిచాను. అత్త గడప దగ్గర నిలబడి ఉంది. ఆ చప్పుడుకు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, రెండు చేతులూ ఒంటికి అతుక్కుపోయాయి. నరికిన మానులాగా నిలువునా ముందుకు పడింది. పడే మనిషి ఎవరైనా చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఆమె పెట్టుకోలేదు. నొసలు గడపకు తగిలి రక్తం వచ్చింది.

నేను అరిచాను. పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. ఎదురింటి తమిళామె "వలిప్పు, వలిప్పు" అంటూ, మూర్ఛకు ఇనుము పట్టించాలని బీగాల గుత్తి తెచ్చి అత్త పిడికిట్లో పెట్టబోయింది. పిడికిలి తెరుచుకోలేదు. ఇంకొకామె నా వైపు చూసి, కొత్త కోడలి పాదం మంచిది కాదని పక్కనున్న ఆమెకు చెప్పింది. ఒక చెంబు నీళ్ళు తాగేంత సేపటికి అత్త కళ్ళు తెరిచింది.

"బీగాలు తీసుకోని పో అక్కా. వాకిలి తెరిచిపెట్టి వచ్చినావు, నీ ఇంట్లోకి కుక్క దూరుతాది" అన్నది తమిళామెతో. తరవాత ఆ రెండో ఆమె వైపు తిరిగి, "పాదం సంగతి విన్నాను లే. మద్యాన్నం చింతపండు అడిగేదానికి వస్తావు గదా, అప్పుడు మాట్లాడదాం" అన్నది.

వాళ్ళు వెళ్ళాక, నేల మీద నుంచి లేవకుండానే నన్ను అడిగింది. నీ సద్దు ఏది.

ఆమెకు ఉన్నది మూర్ఛ కాదని ఆ రోజే నాకు చెప్పింది. మూర్ఛ వచ్చిన మనిషికి తెలివి ఉండదు. ఆమెకు తెలివి ఒక్క క్షణం కూడా పోయేది కాదు. అనుకోని చప్పుడు వినపడినా, వెనక నుంచి ఎవరైనా ముట్టుకున్నా ఒళ్ళంతా ఒక్కసారిగా కొయ్యైపోయేది. పడతానని తెలుస్తుంది, నేల దగ్గరికి రావడం కనిపిస్తుంది, చెయ్యి మాత్రం లేవదు. పుట్టినప్పటి నుంచీ అంతే. పడిన మనిషికి ఏమీ వినపడదనుకుని జనం ఆమె పక్కనే నిలబడి ఆమె గురించే మాట్లాడుకునేవాళ్ళు. అవన్నీ విని పెట్టుకుని, లేచాక ఎవరి మాట వాళ్ళకు అప్పజెప్పేది. లైనులో ఆమెకు ఎంత భయపడేవాళ్ళో అంత ఇష్టపడేవాళ్ళు.

సద్దు అనే పద్ధతి మా మామ పెట్టిందట. ఆయన పని దిగి వచ్చేటప్పుడు లైను మొదట్లోనే టిఫిను క్యారియరు మూతను గిన్నెకు తాటించుకుంటూ వచ్చేవాడట. ఆ సద్దు దూరం నుంచి మెల్లగా పెరుగుతూ వస్తే ఆమె ఉలిక్కిపడేది కాదు. కొడుకు నేర్చుకున్నది గొంతులో ఒక కూనిరాగం. పాలామె గేటు గొళ్ళెం రెండుసార్లు ఆడించేది. ఆ ఇంట్లోకి సద్దు లేకుండా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నేను ఆలోచించి, గాజులు తలుపుకు తాటిస్తానని చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని నన్ను వాకిలి నుంచి రమ్మన్నది. రెండు మూడుసార్లు విని, "బాగుండాది. మెల్లగా మొదలుపెట్టి పెంచు" అన్నది. అంతటితో నేను ఆ ఇంటి మనిషినయ్యాను.

ఆమె బతికిన పద్ధతి చూస్తూ చూస్తూ నాకు ఆశ్చర్యం తీరలేదు. గనుల ఊరిలో ఉలికిపాటు మనిషి బతకడమంటే మాటలు కాదు. షిఫ్టు షిఫ్టుకూ సైరను కూస్తుంది. షిఫ్టు చివర లోపల మందు పేలుస్తారు, నేల సన్నగా వణుకుతుంది. చర్చి గంట సరేసరి. వీటన్నిటికీ వేళ ఉంది కాబట్టి ఆమె వాటికి ముందే సిద్ధంగా ఉండేది. ఇంట్లో గడియారం లేదు. ఎండ ఏ ఇటుక మీదికి వచ్చిందో చూసి, చేస్తున్న పని ఆపి, గోడకు వీపు ఆనించి కూర్చునేది. తరవాత సైరను కూసేది. సైరను ఆమె మాట వింటుందని పిల్లలు అనుకునేవాళ్ళు. వంట కూర్చునే చేసేది. నీళ్ళ బిందె తల మీద ఎప్పుడూ పెట్టుకునేది కాదు. నడిస్తే మెత్తని మట్టి ఉన్న వైపే నడిచేది. ఇన్ని చేసినా నొసట నాలుగు మచ్చలు, ముందు పళ్ళలో ఒకటి సగం. వేళ లేనిది ఒకటి ఉంది మరి. అది ఎయిర్ బ్లాస్టు. గని చాలా లోతుకు పోయాక పైనున్న బరువుకు రాయి తనంతట తానే పగిలిపోతుంది. ఊరు ఊరంతా అదురుతుంది. అది ఎప్పుడు వస్తుందో ఇంజనీర్లకే తెలియదు, ఇంక ఆమెకేం తెలుస్తుంది.

రెండేళ్ళకు నాకు ఆడపిల్ల పుట్టింది.

గనుల ఆసుపత్రిలోనే కాన్పు. బిడ్డ ఏడ్చింది, పాలు తాగింది. కానీ ఎత్తుకుంటే కట్టెను ఎత్తుకున్నట్టు ఉండేది. పిడికిళ్ళు విప్పితే విడేవి కావు. నిద్రపోతే మాత్రం దూదిలాగా మెత్తబడేది. మేలుకుంటే మళ్ళీ కొయ్య. తలుపు చప్పుడైనా, గిన్నె పడినా వీపు విల్లులాగా వంచి బిగుసుకుపోయేది. అప్పుడు ఊపిరి ఆగేది. మొదట ఎరుపు, తరవాత పెదవుల చుట్టూ నీలం. కాసేపటికి తనంతట తానే వదిలేది. ఆ కాసేపు రోజు రోజుకూ పెరిగింది.

ఆడవాళ్ళు ధనుర్వాతం అన్నారు. ధనుర్వాతమైతే ఇన్ని రోజులు బిడ్డ నిలవదని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. ఇది ఏమిటో తనకు తెలియడం లేదని దాచకుండా ఒప్పుకుని, బెంగళూరు పెద్దాసుపత్రికి ఉత్తరం రాశాడు. అక్కడ చూసే రోజుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆ పదకొండు రోజులూ బిడ్డ ఊపిరిని నేను నిలుపుకోవాలి. నాకున్న పని అదొక్కటే.

మా అత్త నాకు మూడు మాటలు చెప్పింది. స్నానం పోసేటప్పుడు బిడ్డ ముక్కు ముట్టొద్దు. ఇంట్లో సద్దులు ఆపొద్దు. బిడ్డ బిగుసుకుంటే మడిచిపెట్టు. ఆ మూడింటిలో ఒక్కటీ నేను వినలేదు.

మా వైపు పసిబిడ్డకు నీళ్ళు పోయడమంటే పెద్ద పని. మా లైనులో ఆ పనికి ఒక ముసలమ్మ ఉండేది. ఎన్నో ఇళ్ళ పిల్లలు ఆమె కాళ్ళ మీద పెరిగారు. పీట మీద కాళ్ళు చాపి కూర్చుని, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, తల గుండ్రంగా రావాలని అదిమి, ముక్కు నిటారుగా రావాలని బొటనవేలితో, చూపుడువేలితో పట్టి పైకి లాగేది. చివర నొసటి మీద అరచేత్తో తట్టేది. ముక్కు పట్టిన ప్రతిసారీ నా బిడ్డ బిగుసుకునేది. బిగుపు వదలాలని ముసలమ్మ ఇంకా నూనె పట్టించేది, ఇంకా లాగేది. ముక్కు వదిలెయ్యమని అత్త తన మూల నుంచి చెప్తే, ముసలమ్మ నవ్వి, "ముక్కు చప్పిడైతే రేపు దీన్ని ఎవురు చేసుకుంటారే? నీ కొడుకు ముక్కు చూడు, ఎవురు పోసినారో నీళ్ళు" అన్నది. నా భర్తది చప్పిడి ముక్కే. అప్పుడు నేను కూడా నవ్వాను.

ఇంట్లో చప్పుడు లేకుండా చేయడానికి నేను వాకిలికి గోనెపట్టాలు కట్టాను. పాలామెను గొళ్ళెం ఆడించొద్దన్నాను. గాజులు తీసేశాను. నా భర్త కూనిరాగం మానేసి దొంగలాగా వచ్చేవాడు. అత్త రోజుకు రెండుసార్లు పడేది.

ఇక మడవడం. బిగుసుకున్న బిడ్డను వంచితే ఎముక విరుగుతుందని, వీపు తిన్నగా ఉంచి కిందికి నిమరాలని ఆడవాళ్ళందరి మాట ఒక్కటే. అత్త మాట ఒక్కతె మాట. పైగా ఆమె పడే మనిషి.

నాలుగో రోజున నేను అనకూడని మాట అన్నాను. బిడ్డ ఏడుస్తుంటే అత్త చేతులు చాపింది. "మీరు ఎత్తుకోవద్దు అత్తా. మీరు పడితే బిడ్డ ఏమవుతాది?" అన్నాను.

ఆమె చాపిన చేతులు వెనక్కి తీసుకుని, "నిజమేనమ్మా" అన్నది. తన చాప చుట్టుకుని ఆ మూలకు పోయి కూర్చుంది. అంత సులభంగా ఒప్పుకుంది కాబట్టి నేను అన్నది సరైన మాటే అనుకున్నాను. ఎదురుగా తిరిగే నా భర్తను అదే చేతులు పెంచాయన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఆరో రోజు పొద్దున, నీళ్ళు పోయడం అప్పుడే అయింది. ముసలమ్మ చేతులకు ఇంకా నూనె ఉంది. నేను బిడ్డను తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. అత్త చెంబుతో నీళ్ళు తేవడానికి లేచింది. మొదట నేల కింద బరువైన బండి పోతున్నట్టు ఉరుము. ఆ వెంటనే కింద నుంచి ఎవరో గట్టిగా గుద్దినట్టు ఒక్క దెబ్బ. రేకులు అదిరాయి. అలమరలో గిన్నెలన్నీ కింద పడ్డాయి.

వీధిలో అందరూ ఒకేసారి బయటికి వచ్చారు. ఎయిర్ బ్లాస్టు వస్తే ఆడవాళ్ళు గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తుతారు. లోపల ఎవరి మనిషి ఉన్నాడో, పైకి వచ్చాడో లేదో చూడాలి. ముసలమ్మ కొడుకు ఆ పూట లోపలే ఉన్నాడు. ఆమె నూనె చేతులతోనే వెళ్ళిపోయింది. ఎదురింటి తమిళామె, పక్కింటివాళ్ళు, అందరూ పోయారు. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. లైను మొత్తం ఖాళీ అయింది.

అత్త గదికీ పొయ్యి చోటుకీ మధ్య పక్కకు పడి ఉంది, కొయ్యలాగా. నా ఒళ్ళో బిడ్డ అంతకంటే కొయ్యగా ఉంది. తల వెనక్కి విరిగి, పిడికిళ్ళు రొమ్ముకు అదుముకుని, నోరు తెరిచి ఉంది. గొంతులో నుంచి ఏమీ రావడం లేదు. వీపు తిన్నగా పెట్టి నిమిరాను. ఇంకా బిగిసింది. పెదవుల నీలం బుగ్గలకు పాకింది. తరవాత అది నీలం కూడా కాదు, పలక రంగు. ప్రభువా అన్నాను.

అత్తకు ముందుగా కదిలినవి పెదవులు. ఒళ్ళు ఇంకా కదలదు, కళ్ళు గోడ వైపు ఉన్నాయి, బిడ్డను చూడడం లేదు. అయినా ఊపిరి సద్దు లేకపోవడం ఆమె విన్నది.

"మడిచెయ్" అన్నది.

నేను కదలలేదు.

"తల ఒక చేత్తో పట్టు. కాళ్ళు ఒక చేత్తో. రెండూ పొట్ట కాడికి తే."

"ఇరుగుతాది అత్తా."

"ఇరగదు. నేను చెప్తా ఉండా గదా, ఇరగదు. చెయ్ అమ్మా."

తల వెనక చెయ్యి పెట్టాను. మోకాళ్ళ కింద ఇంకో చెయ్యి. పచ్చి వెదురును వంచినట్టుంది. ఏడుస్తూ వంచాను. గడ్డం రొమ్ముకు ఆనింది, మోకాళ్ళు పొట్టకు ఆనాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత బిడ్డ ఒళ్ళంతా ఒక్కసారిగా వదిలేసింది, ముడి విప్పినట్టు. గొంతులో కీచుమని గాలి పోయింది. ఏడ్చింది.

"ఏడ్చిందా?" అని అడిగింది అత్త గోడతో.

"ఏడ్చింది."

"అట్లే పట్టుకో. ఇప్పుడే వదలద్దు." కాసేపాగి, "నా కాలు మీద ఏందో పడి ఉండాది. నీ చెయ్యి ఖాళీ అయినాక తీయి" అన్నది.

ఆమె కాలు మీద ఉప్పు జాడీ ఉంది.

ఆ మధ్యాహ్నానికి షాఫ్టు నుంచి అందరూ తిరిగి వచ్చారు. లోపలివాళ్ళంతా ప్రాణాలతో పైకి వచ్చారని తెలిసింది. వాళ్ళు వచ్చేలోగా ఆమె నాకు చెప్పింది. నా భర్త కంటే ముందు ఆమెకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ ఇట్లాగే బిగుసుకుని, పెద్దవాళ్ళు చెప్పినట్టు వీపు నిమురుతుండగానే పోయారు. మూడోవాడు కూడా కొయ్యగానే పుట్టాడు. వాడు చాప మీద చదునుగా పడుకుంటే నీలమయ్యేవాడు, చీర ఉయ్యాల్లో వేస్తే అయ్యేవాడు కాదు. ఎందుకని ఆమె రోజుల తరబడి ఉయ్యాల పక్కన కూర్చుని చూసింది. చీర మధ్యకు జారితే బిడ్డ తలా కాళ్ళూ దగ్గరికి వస్తాయి. ఉయ్యాల బిడ్డను మడుస్తోంది. ఉయ్యాల చేసే పని చెయ్యి ఎందుకు చేయకూడదు అనుకుంది. చేసి చూసింది. బతికించుకుంది. ముక్కు సంగతి కూడా అట్లాగే చూసి పట్టుకుంది. తన ముక్కు మీద ఈగ వాలినా తనకు ఒళ్ళు బిగుస్తుంది కదా, బిడ్డకు ఎందుకు బిగుసుకోదు అని.

ఇదంతా లైనులో ఎవరికైనా చెప్పారా అని అడిగాను.

"ఎవురు అడిగినారమ్మా?" అన్నది. కోపంతో కాదు, జరిగింది చెప్పినట్టు చెప్పింది.

నేను బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టబోయాను. ఆమె ఒప్పుకోలేదు. మొదట తన మూలకు జరిగింది. రెండు గోడలు కలిసేచోట వీపు పెట్టి, బాసింపట్టు వేసుకుని, పాత చీర ఒకటి నడుముకు చుట్టి, దాని కొంగును మెడకు ముడివేసుకుంది. అప్పుడు తెమ్మన్నది. బిడ్డను ఆ చీరలో మడిచి కూర్చోబెట్టుకుంది. "ఇప్పుడు నేను బిగిసినా పడేదానికి తావు లేదు. నా ఒళ్ళు కొయ్యైతే కొయ్య ఉయ్యాల అవుతాది, అంతే" అన్నది. కొడుకును ఆమె పెంచింది ఆ మూలలోనే. నేను ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆ గోడకు, నడుమెత్తున, రుద్దుకుపోయిన నునుపు చూస్తూనే ఉన్నాను. సైరను కోసం ఆనుకుని కూర్చుని కూర్చుని అయిందనుకున్నాను.

మరునాడు గోనెపట్టాలు ఆమే విప్పించింది. సద్దు లేని ఇంట్లో చిన్న సద్దు కూడా పెద్దదవుతుందని చెప్పింది. పాలామె మళ్ళీ గొళ్ళెం ఆడించింది. నేను గాజులు వేసుకున్నాను. బిడ్డను ముట్టుకునే ముందు అత్త గొంతులో సన్నగా "ఊ" అని మొదలుపెట్టి, అది పెరిగాక చెయ్యి వేసేది. దానివల్ల బిడ్డకు నిజంగా తేడా తెలిసేదో లేదో నేను చెప్పలేను. నాకు మాత్రం భయం తగ్గింది. నీళ్ళు పోసే ముసలమ్మ ఆ తరవాత కూడా వచ్చింది, కానీ ముక్కు జోలికి పోలేదు. నా కూతురి ముక్కు ఇప్పటికీ చప్పిడే. పెళ్ళి దానివల్ల ఆగలేదు.

మిగిలిన ఐదు రోజుల్లో బిడ్డ ఎన్నోసార్లు బిగుసుకుంది. ప్రతిసారీ మడిచాము. నా చేతులకు అలవాటైంది. నా భర్త చేతులకు కూడా నేర్పాము. ఆయన మొదటిసారి మడిచినప్పుడు వాళ్ళ అమ్మ ముఖం వైపు చాలాసేపు చూశాడు.

బెంగళూరు డాక్టరు నడివయసు మనిషి. అంతా విన్నాడు. బిడ్డ ముక్కు కొస మీద వేలితో మెల్లగా తట్టాడు, బిడ్డ తల వెనక్కి విరిచింది. మళ్ళీ తట్టాడు, మళ్ళీ విరిచింది. ఆయనకు అర్థమైనట్టుంది. లేచి అత్త దగ్గరికి వచ్చాడు. ఆమె ముందే నేల మీద కూర్చుని, గోడకు ఆనుకుని, "ముందు చెప్పి కొట్టండి సార్" అన్నది. ఆయన చెప్పి తట్టాడు. చెప్పినా ఆమెకు మెడ బిగిసింది. దీనికి ఒక పేరుంది, చాలా అరుదు, రక్తంలో వస్తుంది, నరాలకు ఉలుకును ఆపే పట్టు తక్కువ అని ఆయన విడమర్చి చెప్పాడు. చాలామంది పిల్లలకు ఏడాది దాటాక బిగుపు తగ్గుతుందని, అప్పటిదాకా ఊపిరి ఆగకుండా చూసుకోవడమే ముఖ్యమని చెప్పి, ఒక చిన్న మాత్ర రాశాడు.

ఊపిరి ఆగితే ఏం చేస్తున్నారని అడిగాడు. అత్త చేసి చూపించింది. ఆయన బయటికి పోయి, చదువుకుంటున్న పిల్ల డాక్టర్లను ఐదారుగురిని పిలుచుకుని వచ్చాడు. ఇంకొక్కసారి చూపించమ్మా అన్నాడు. నేల మీద కూర్చున్న మా అత్త చుట్టూ వాళ్ళంతా తెల్లకోట్లతో నేల మీదే కూర్చున్నారు. ఒక ఆడపిల్ల తన చేతులతో చేసి, ఇట్లాగేనా అని అడిగింది. "తల ఇంగ కొంచెం" అన్నది అత్త. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని ఆ పిల్ల అడిగితే, ఉయ్యాల దగ్గర అన్నది.

డాక్టరు ఆ జబ్బు పేరు ఒక చీటీ మీద రాసిచ్చాడు. అది మా బైబిల్లో ఉంది. అప్పుడు నాకు ఒక్క అక్షరం రాదు. నా నలభై ఏడో ఏట ఆ బిడ్డే, అప్పటికి టీచరైన నా కూతురు, నాతో అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు ఆ బైబిలు చదువుతాను. చీటీ ఇంగ్లీషులో ఉంది, దాన్ని ఇప్పటికీ చదవలేను. అత్త చెప్పినవన్నీ నాకు వచ్చిన అక్షరాల్లో ఇక్కడ రాసుకున్నాను.

బిడ్డకు ఆరో నెలలో బాప్తిస్మం పెట్టుకున్నాము. తల్లి బిడ్డను ఎత్తుకుని ముందు నిలబడడం వాడుక. అత్త ఎత్తుకుంటుందని నేను చెప్పాను. సంఘపు పెద్దలకు అది నచ్చలేదు. ఆమె అంతకుముందు చర్చిలో రెండుసార్లు పడింది, ఒకసారి డోలు మొదలైనప్పుడు, ఇంకోసారి ఎవరో తుమ్మినప్పుడు. అందరి ముందు బిడ్డతో పడితే ఏం చేస్తారని అడిగారు. అచ్చం నేను అడిగిన మాటే. నా భర్త ఏదో అనేలోపే నేను అన్నాను. నా బిడ్డను ఆమె ఒక్కసారి కూడా పడేయలేదు, నేనే ఒకసారి పోగొట్టుకోబోయాను అని.

ఆ మాటకు వాళ్ళు సరే అన్నారు. కానీ బలిపీఠం దగ్గర మూల లేదు. అత్తకు మూల కావాలి. చివరికి అయ్యగారే ఒప్పుకున్నారు. ఆయన కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు. నీళ్ళ గిన్నె తీసుకుని చర్చి పక్క గోడలు కలిసేచోటికి ఆయనే వస్తానన్నారు.

ఆదివారం అత్త ఆ మూలలో బాసింపట్టు వేసుకుని, చీర మెడకు ముడివేసుకుని, బిడ్డను అందులో మడిచి కూర్చుంది. చర్చి అంతా లేచి నిలబడితే ఆమె ఒక్కతే కింద ఉంది. అయ్యగారు గిన్నెతో వచ్చి మోకరించారు. ఆమె ఆయన వైపు చూసి, మెల్లగా అయినా అందరికీ వినపడేట్టే అడిగింది.

"అయ్యా, మీ సద్దు ఏది?"

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, గిన్నె అంచును గోటితో తాటించారు. టింగుమంది, సన్నగా. అత్త తల ఊపింది. ఆయన మళ్ళీ తాటించారు, కొంచెం పెద్దగా. మూడోసారి ఇంకొంచెం. బిడ్డ గిన్నె వైపు కళ్ళు తిప్పింది. అప్పుడు నీళ్ళు నొసటి మీద కాకుండా, తల వెనక వైపు నుంచి పోశారు.

బిడ్డ బిగుసుకుంది. పిడికిళ్ళు ముడుచుకున్నాయి. అత్త ఒళ్ళు కూడా సగం బిగిసింది, మెడ నరాలు కనిపించాయి. ఆమె చేతులు బిగిసినా మడత విడలేదు. బిడ్డ తల ఆమె రొమ్ము దగ్గరే ఉంది, మోకాళ్ళు పొట్ట దగ్గరే ఉన్నాయి. మెల్లగా ఆ చిన్న వేళ్ళు తెరుచుకున్నాయి. బిడ్డ గట్టిగా, అందరికీ వినపడేట్టు ఏడ్చింది. సంఘం ఆమేన్ అన్నది. ముందు వరసలోని ఒక పెద్దాయన చెయ్యి కిందికి ఆడించి మెల్లగా అనమని సైగ చేశాడు, అందుకని అది గుసగుసలాగా వచ్చింది. వారం కిందట మమ్మల్ని నిలదీసిన ఆయనే అతను.

ఆ అయ్యగారు మా చర్చిలో ఉన్నంతకాలం ఏ బిడ్డకు నీళ్ళు పోసినా ముందు గిన్నె అంచును మూడుసార్లు తాటించేవారు. ఆయన వెళ్ళిపోయాక వచ్చినవాళ్ళు కూడా అదే చేశారు. మా అత్త పోయి చాలా ఏళ్ళైంది. పోయినేడు నా కూతురి స్నేహితురాలి బిడ్డ బాప్తిస్మానికి వెళ్ళాను. కొత్త అయ్యగారు గిన్నె అంచును గోటితో తాటించారు, మెల్లగా మొదలుపెట్టి, పెంచుతూ. అట్లా ఎందుకు చేస్తారని బయటికి వచ్చాక అడిగాను. ముందునుంచీ ఇక్కడి ఆచారం అమ్మా, ఎవరు మొదలుపెట్టారో తెలియదు అన్నారు.

ఆయన్ను మళ్ళీ లోపలికి తీసుకుపోయి, ఆ మూలను చూపించి, మా అత్త సంగతి చెప్పాను.